తోడుగా వచ్చిన అక్క: ఒక కేస్ స్టడీ

ఆమె నా ముందు నాలుగుసార్లు కూర్చుంది. నాలుగుసార్లూ నేను ఆమె కూతురినే చూశాను.

కూతురికి తొలి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నారు. పదిహేను రోజులకోసారి పరకాల వైపు ఊరి నుంచి బస్సెక్కి హనుమకొండలో నా క్లినిక్‌కు వచ్చేవాళ్లు. కూతురి ఫైలు, మందుల కవరు, నీళ్ల సీసా, దారిలో తినడానికి నాలుగు జామకాయలు, అన్నీ తల్లి చేతిసంచిలోనే ఉండేవి. నేను కూతురి బీపీ చూస్తుంటే ఆమె నా ముఖం వైపు చూసేది. "మంచిగనే ఉందా మేడం?" అని అడిగేది. ఉందని చెప్పగానే లేచి చెప్పులేసుకునేది. ఆమె ఎలా ఉందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. గర్భిణి కార్డు మీద ఉన్న గళ్లన్నీ నింపాను. పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి గడి లేదు.

ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆమెను నేను అక్క అనేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను.

ఐదోసారి

ఐదోసారి వచ్చింది నవంబర్‌లో. పత్తి మొదటి ఏరుడు నడుస్తోంది. ఎండిన పత్తికాయల కొసలు గీరుకుని ఆమె వేళ్లు ఎర్రగా ఉన్నాయి. కూతురు స్కానింగ్ గదిలోకి వెళ్లింది. ఈమె కూడా వెంట వెళ్లబోతూ లేచి, నా టేబుల్ అంచు పట్టుకుని ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు మేడం. కండ్లు తిరిగినట్టయింది. పొద్దుగాల ఏం తినలే, అంతే."

కూర్చోబెట్టి కింది కనురెప్ప లాగి చూశాను. పూర్తిగా పాలిపోయి ఉంది. గాజులు పైకి జరిపి బీపీ చూస్తే 160/98. పది నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చోమని మళ్లీ చూశాను. 156/96.

వయసు 43. పద్దెనిమిదో ఏట పెళ్లి, ఇరవైలో ఈ కూతురు, ఇరవై రెండులో కొడుకు, ఆ కాన్పుతోనే పిల్లల ఆపరేషన్. మూడెకరాల్లో పత్తి, కొంత మిర్చి. పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. అత్తకు పక్షవాతం వచ్చి మంచాన ఉంటే రెండేళ్లు ఆమే చూసుకుంది. ఆపరేషన్ కుట్లు విప్పిన రోజు తర్వాత తనకోసమని ఆస్పత్రికి ఎప్పుడొచ్చావని అడిగాను. కాసేపు ఆలోచించింది. జ్వరానికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నది తప్ప ఏదీ గుర్తు రాలేదు. అంటే 21 ఏళ్లు.

ఈ 21 ఏళ్ల దగ్గర కొంచెం ఆగాలి. మన జిల్లాల్లో ఆడమనిషిని ఆస్పత్రి పట్టించుకునేది కడుపుతో ఉన్నప్పుడు, కాన్పప్పుడు. ఏఎన్ఎం ఇంటికి వస్తుంది, ఆశా వర్కర్ ఫోన్ చేస్తుంది, కార్డులో తేదీలు పడతాయి. పిల్లల ఆపరేషన్ అయిందంటే ఆ కార్డు మూతపడ్డట్టే. చాలామందికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండవు. బీపీ, షుగర్ మొదలయ్యేది, నెలసరి గాడి తప్పేది, గర్భసంచి మూతి దగ్గర కణాలు మెల్లగా మారేది ఆ తర్వాతి ఇరవై ఏళ్లలోనే. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఎవరూ పిలవరు.

ఏం లేదు అన్న మాట వెనక

"నెలసరి ఎట్లుంది?" అని అడిగితే "మంచిగనే" అంది. ఎన్ని రోజులు అని అడిగితే ఎనిమిది అంది. రెండో రోజు, మూడో రోజు చేనులో ఉండలేక మధ్యాహ్నం ఒకసారి ఇంటికొచ్చి బట్ట మార్చుకుని మళ్లీ వెళ్తుందట. గడ్డలు పడతాయట. ఇవన్నీ ఆమె దృష్టిలో 'మంచిగనే'లోకి వస్తాయి. వాళ్లమ్మకూ అంతేనట, ఆడబిడ్డకూ అంతేనట. చుట్టూ అందరికీ అలాగే ఉంటే అది రోగమని ఎలా అనిపిస్తుంది?

తెల్లబట్ట ఉందా అని అడిగాను. రెండేళ్లుగా ఉందట. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతోంది. ఒక్కోసారి వాసన కూడా వస్తుందట. అప్పుడు గొంతు తగ్గించి మూడో ప్రశ్న వేశాను. ఇంటాయన దగ్గరికి వచ్చిన తర్వాత రక్తం మచ్చ కనపడుతుందా? ఆమె తలుపు వైపు చూసింది, కూతురు వస్తుందేమోనని. తర్వాత తల ఊపింది. ఏడాదిన్నరగా.

కూతురు స్కానింగ్ గదిలో ఉండబట్టే ఆ జవాబు వచ్చింది. కూతురు ముందు, కోడలి ముందు, చివరికి భర్త ముందు కూడా ఈ ప్రశ్న అడిగితే 'ఏం లేదు' అన్న మాటే వినిపిస్తుంది. అందుకే నేను తోడు వచ్చినవాళ్లను బయట ఉండమని, తలుపు వేసి అడుగుతాను. ఆ ఒక్క నిమిషం లేకపోతే ఎంత పెద్ద పరీక్షైనా సగమే.

ఆమె సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. ఎనిమిది నెలల కింద ఊళ్లో క్యాంపు పెట్టి 'ఫుల్ బాడీ చెకప్' చేశారట. సంఘంలో ఆడవాళ్లంతా కలిసి డబ్బులు కట్టారట. పదకొండు పేజీల రిపోర్టు. లివర్, కిడ్నీ, కొవ్వు, థైరాయిడ్, విటమిన్లు, వరుసగా అరవైకి పైగా అంకెలు. "అన్నీ మంచిగనే ఉన్నయన్నరు" అంది. మూడో పేజీలో హిమోగ్లోబిన్ 9.2 అని ఉంది. మందమైన అక్షరాల్లో వేసి, పక్కన తక్కువ అని గుర్తు కూడా పెట్టారు. గర్భిణి కాని మహిళకు 12 కంటే తగ్గితే రక్తహీనతే. కానీ ఆ గుర్తుకు అర్థం చెప్పినవాళ్లు లేరు. అంత రక్తం తీసినవాళ్లు బీపీ చూడలేదు. రొమ్ము పరీక్ష లేదు, గర్భసంచి మూతి పరీక్ష లేదు.

రక్త పరీక్షలు వద్దని నేను అనను. ఒక్క సూదితో అయిపోయే పరీక్షలన్నీ చేసి, చేత్తో ముట్టి, కంటితో చూసి చేయాల్సినవి వదిలేస్తే దాన్ని ఆరోగ్య పరీక్ష అనడానికి నాకు నోరు రాదు. ముప్పై దాటిన మహిళకు ఏం చూడాలో మన దేశంలో 2016 నుంచే మార్గదర్శకాలు ఉన్నాయి. బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం (గర్భసంచి మూతి) చూడాలి. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఈ మూడు చోట్ల క్యాన్సర్ పరీక్ష ఐదేళ్లకోసారి చేయాలి. మన రాష్ట్రంలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో, ఎంపిక చేసిన ప్రభుత్వ కేంద్రాల్లో మంగళవారాలు ఆడవాళ్ల కోసమే కేటాయించడం మొదలుపెట్టారు. కాగితం మీద దారి ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతమే. నూటికి ఇద్దరు కూడా లేరు.

ఒక్క నిమిషం

వారం తర్వాత, నెలసరి పూర్తయ్యాక ఒంటరిగా రమ్మన్నాను. వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని. బల్ల ఎక్కడానికి మాత్రం చాలాసేపు పట్టింది. కాన్పుల్లో తప్ప ఇలా ఎప్పుడూ పడుకోలేదంది. నా క్లినిక్ సిస్టర్ ఆమె తల దగ్గర నిలబడింది. ఆమె సిస్టర్ మణికట్టు పట్టుకుంది, పరీక్ష అయ్యేదాకా వదల్లేదు.

ముందు రొమ్ములు చూశాను, చంకల దాకా. గడ్డలు లేవు. తర్వాత కడుపు, తర్వాత స్పెక్యులమ్, అంటే గర్భసంచి మూతి కనపడేలా దారి తెరిచి పట్టే పరికరం. లోపలికి పోయేముందు దాన్ని ఆమె తొడకు తాకించి, "ఇదే అక్కా, ఇంత చల్లగా ఉంటది" అని చెప్పాను. చెప్పకుండా పెడితే కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి పుడుతుంది, మళ్లీ జన్మలో రాదు.

గర్భసంచి మూతి కొంచెం ఎర్రగా ఉంది. దూదికి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్ది రాశాను. హోటళ్లలో నూడుల్స్ మీద చల్లే వెనిగర్‌లో ఉండేదీ ఇదే. రాసి గడియారం చూస్తూ ఒక నిమిషం ఆగాలి. మామూలు కణాలు గులాబీ రంగులోనే ఉండిపోతాయి. మారిన కణాల్లో ప్రొటీన్ ఎక్కువగా పేరుకుని ఉంటుంది కాబట్టి ఆమ్లం తగలగానే గడ్డకట్టి తెల్లబడతాయి. నలభయ్యో సెకను దగ్గర పైపెదవి మీద, గడియారంలో పదకొండు నుంచి ఒంటి గంట మధ్య అనుకోండి, తెలుపు తేలడం మొదలైంది. నిమిషానికి అది ఉడికిన గుడ్డు తెల్లసొనలా మందంగా, అంచు స్పష్టంగా కనపడింది. చూడగానే తేలిగ్గా తీసుకోకూడని మచ్చ అనిపించింది.

ఈ పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మంచి వెలుతురు, ఒక స్పెక్యులమ్, ఒక సీసా ద్రావణం, శిక్షణ ఉన్న నర్సు ఉంటే చాలు. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. నెలసరి ఆగిపోయిన తర్వాత కణాలు మారే చోటు లోపలికి జరిగిపోతుంది, కాబట్టి యాభై దాటినవాళ్లలో దీని మీద అంతగా ఆధారపడలేం. వాళ్లకు హెచ్‌పీవీ అనే వైరస్ ఉందేమో చూసే పరీక్ష మేలు.

గర్భసంచి మూతిని పెద్దది చేసి చూపించే కాల్పోస్కోప్ కింద చూసి రెండు చోట్ల చిన్న ముక్కలు తీశాను. అక్కడ తెర ఆమెకు కనపడేలా తిప్పి పెడతాను. తన గర్భసంచి మూతిని ఆమె మొదటిసారి చూసింది. "గింతేనా మేడం? ఇద్దరు పిల్లలు గిందులకెల్లే వచ్చిండ్రా?" అంది. భయం కొంత తగ్గినట్టు అనిపించింది. నలభై దాటి, నెలసరి అంత ఎక్కువగా ఉంది కాబట్టి గర్భసంచి లోపొర నుంచి కూడా నమూనా పంపాను. స్కానింగ్‌లో 2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ) ఒకటి కనపడింది. రక్తంలో హిమోగ్లోబిన్ 8.6. ఎనిమిది నెలల్లో ఇంకా పడిపోయింది. మూడు నెలల సగటు షుగర్ 6.1, అంటే షుగర్ గడప దగ్గర ఉంది.

టేబుల్ సొరుగులో రిపోర్టు

బయాప్సీ రిపోర్టు వారంలో వచ్చింది. సిన్ 3, అంటే క్యాన్సర్‌కు ముందు దశ. ఆమె రాలేదు. ఇచ్చిన ఫోన్ నంబరు భర్తది. రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తి "పత్తి ఏనుమాముల మార్కెట్‌కు తీస్కపోతున్నం మేడం, అయినంక వస్తం" అన్నాడు. రోగం సంగతి ఫోన్లో ఆయనకు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆమె విషయం ముందుగా ఆమెకే తెలియాలి. ఆ రిపోర్టు నా సొరుగులో 23 రోజులు ఉంది. చివరికి వాళ్ల ఊరి ఆశా వర్కర్‌ను కనుక్కుని, విషయం చెప్పకుండా, ఒకసారి నా దగ్గరికి తీసుకురమ్మని అడిగాను. ఆ అమ్మాయి తన కూలి పని మానుకుని ఆటోలో కూర్చోబెట్టుకుని తెచ్చింది.

కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టేవాళ్లకు ఇది చెప్పాలి. పరీక్ష చేయడం కష్టం కాదు. ఫలితం వచ్చాక ఆ మనిషిని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టడం కష్టం. ఇప్పుడు నేను ప్రతి మహిళ దగ్గరా రెండు నంబర్లు తీసుకుంటాను. ఒకటి ఆమెది, రెండోది ఆమె నమ్మే ఇంకో ఆడమనిషిది. రావాల్సిన తేదీ రాసేముందు చేనులో ఏ పని నడుస్తుందో అడుగుతాను.

సిన్ 3 అంటే క్యాన్సర్ కాదు. పైపొర మొత్తం మందాన కణాలు మారాయి, కానీ కింది పొర దాటి లోపలికి పోలేదు. కారణం ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్. అది చాలామందికి సోకుతుంది, చాలామందిలో రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో ఏళ్ల తరబడి కణాలను మారుస్తుంది. సిన్ 3కు సరైన చికిత్స అందకుండా ఉండిపోయిన మహిళలను న్యూజిలాండ్‌లో పరిశీలించినప్పుడు, 30 ఏళ్లలో దాదాపు 31 శాతం మందికి క్యాన్సర్‌గా మారినట్టు తేలింది. అంటే ముందే పట్టుకోవడానికి మనకు ఏళ్లు దొరుకుతాయి. మరే క్యాన్సర్ విషయంలోనూ ఇంత సమయం దొరకడం అరుదు. అందుకే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనో రక్తస్రావంతో ఆఖరి దశలో చేరే నలభై అయిదేళ్ల అమ్మ గురించి విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

గర్భసంచి తీసేస్తే

తర్వాతిసారి భర్త కూడా వచ్చాడు. మంచి మనిషి, భార్య మీద ప్రేమ ఉన్నవాడు. కూర్చోగానే అడిగాడు:

"గర్భసంచి తీసేపిస్తే ఒక్కసారికే అయిపోతది గద మేడం? మా వదినెకు గట్లనే తీసేసిండ్రు. పిల్లలు ఐపోయిండ్రు, ఇంక దాంతోని ఏం పని?"

ఈ మాట నేను వారానికి ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. తెల్లబట్ట అన్నా, నడుము నొప్పి అన్నా గర్భసంచి తీయించడం మన పల్లెల్లో మామూలైపోయింది. గర్భసంచి తీయించుకున్న మహిళల నిష్పత్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ముందువరసలో ఉన్నాయి. ముప్పై అయిదేళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. ఆ నొప్పులతో వాళ్లు మళ్లీ మన దగ్గరికే వస్తారు.

ఒక కాగితం మీద గర్భసంచి బొమ్మ గీశాను. రోగం ఉన్నది మూతి దగ్గర, ఇంత మేర. దాన్ని మాత్రమే చుట్టూ కొంచెం అంచుతో తీసి పరీక్షకు పంపుదాం. లోపల ఎక్కడైనా క్యాన్సర్ దాగి ఉందా అన్నది ఆ ముక్కే చెబుతుంది. అది తెలియకుండా ముందే గర్భసంచి తీసేస్తే, ఒకవేళ క్యాన్సరే ఉంటే మనం చేసింది తప్పు ఆపరేషన్ అవుతుంది. క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు. ఇవన్నీ ఆయన శ్రద్ధగా విన్నాడు. అక్క మాత్రం ఒక్కటే అడిగింది: "ఎన్ని దినాలు పనికి పోవద్దు?"

రెండు వారాలు బరువులు ఎత్తొద్దన్నాను. ఆరు వారాలు భార్యాభర్తలు కలవొద్దని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఆమెకు ఒక్కదానికే చెబితే ఇంటికి పోయి ఆమె ఆ మాట నెగ్గించుకోలేకపోవచ్చు.

లీప్ చేశాం. మత్తు సూది అక్కడికే. కరెంటుతో వేడెక్కే సన్నని తీగ చుట్టతో ఆ భాగాన్ని చెక్కి తీయడమే. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చిన ముక్క రూపాయి బిళ్లంత ఉంది. సాయంత్రం ఆమె నడుచుకుంటూ క్లినిక్ బయటికొచ్చి ఇంటికి వెళ్లింది. రిపోర్టులో సిన్ 3 అనే వచ్చింది, అంచుల్లో రోగం లేదు, లోపలికి పాకలేదు. లోపొర నమూనాలో కూడా భయపడేది ఏమీ రాలేదు.

మిగతా సగం

క్యాన్సర్ భయం తీరాక బీపీ మాత్రలు ఆమెకు చిన్న విషయంగా కనిపించాయి. రోజుకొక ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. రెండు నెలలు వేసుకుని, "మంచిగైంది గద" అని ఆపేసింది. మళ్లీ 158. అప్పుడు వాళ్ల అత్త సంగతి గుర్తుచేశాను. బీపీ మాత్రలు ఆపేసిన ఆర్నెల్లకే ఆమెకు పక్షవాతం వచ్చిందని అక్కే చెప్పింది, కానీ ఆ రెంటికీ ముడి ఉందని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదట. ఆ తర్వాత మాత్ర ఆపలేదు. ఉప్పు గురించి కూడా మాట్లాడుకున్నాం. చేనుకు సద్ది కట్టుకుపోయేటప్పుడు అన్నంలోకి మామిడికాయ తొక్కు తప్ప ఏం పెట్టుకోదు. తొక్కు మానెయ్యమంటే మానదని నాకు తెలుసు. గోటి మీద పెట్టుకునేంతే పెట్టుకో, పక్కన కూరో పప్పో కట్టుకో అన్నాను.

ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగా పోతోందని భయపడి నాలుగు రోజులకే మానేసిందని సిస్టర్ కనుక్కుంది. అది మాత్ర రంగేనని చెప్పాక మళ్లీ మొదలైంది. చాయ్‌తో పాటు మింగితే ఐరన్ ఒంటికి పట్టదు. ఆమెకు పొద్దున చాయ్ లేకపోతే కాళ్లు ఆడవు, కాబట్టి మాత్రను మధ్యాహ్నం అన్నం తర్వాత నిమ్మకాయ నీళ్లతో వేసుకోమన్నాం. నెలసరి రోజుల్లో రక్తస్రావం తగ్గించే మాత్రలు ఇచ్చాం, నులిపురుగుల మందు ఒకసారి వేశాం. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 11.8 అయింది. చేనులో గట్టు ఎక్కితే ఆయాసం రావడం లేదని ఆమే చెప్పింది. అంతకుముందు ఆయాసం వచ్చేదన్న సంగతి అప్పుడు తెలిసింది నాకు.

ఆర్నెల్లకు చేసిన పాప్ పరీక్ష (గర్భసంచి మూతి కణాల పరీక్ష), హెచ్‌పీవీ పరీక్ష రెండూ నెగెటివ్. అయినా మూడేళ్లు ఏటా చూడాలి, ఆ తర్వాత కూడా పాతికేళ్ల దాకా అప్పుడప్పుడూ చూస్తూనే ఉండాలి. ఒకసారి సిన్ 3 వచ్చినవాళ్లకు మామూలువాళ్ల కంటే ముప్పు ఎక్కువ కాలం ఉంటుంది.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. టీకా గురించి అక్కే అడిగింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేస్తే హెచ్‌పీవీ టీకా బాగా పనిచేస్తుందని, మనవరాలికి ఇంకా చాలా టైముందని చెప్పాను. "మా చెల్లె బిడ్డకు పన్నెండు" అంది వెంటనే. ఆ పిల్లకు మన దేశంలో తయారయ్యే టీకా వేయించారు.

నా క్లినిక్‌లో ఇప్పుడు గర్భిణి కార్డు వెనక ఒక గడి గీయించాను. తోడు వచ్చినది ఎవరు, వయసెంత, బీపీ ఎంత, చివరిసారి తనకోసం ఎప్పుడు చూపించుకుంది అని రాస్తారు. సిస్టర్ గర్భిణికి బీపీ చూశాక ఆ పట్టీని అలాగే పక్క కుర్చీలో ఉన్నవాళ్ల చేతికి కడుతుంది. చాలామంది చెయ్యి వెనక్కి లాక్కుంటారు, "నాకేం లేదు" అంటారు. సిస్టర్ పట్టీ వదలదు.

పోయిన వారం అక్క ఏడాది పరీక్షకు వచ్చింది. బీపీ 132/84. గర్భసంచి మూతి శుభ్రంగా ఉంది. వెంట తోటికోడలిని తెచ్చింది, ఆమెకు 47. ఇద్దరికీ పరీక్షలయ్యాక వచ్చే ఏడు తేదీ రాయబోతుంటే అక్క నా కలం ఆపింది.

"పత్తి ఏరుడైనంక రాయిండ్రి మేడం."

"ఏరుడు మొదలుపెట్టకముందే రావాలక్కా. దసరా అయిన మరుసటి వారం."

కొంచెంసేపు లెక్కవేసుకుంది. బతుకమ్మ పండక్కి కూతురు ఎలాగూ వస్తుంది కాబట్టి ఇద్దరూ కలిసే వస్తామంది. ఆ తేదీయే రాశాను.